చేతిలో విత్తనం ఉండగా

కొడుకు పోయిన ఈ రెండేళ్లలో మారెక్క ఆ మాట ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. "రెప్ప కొట్టేలోగా పోయినాడంటమ్మా. నొప్పనేది తెలీనే లేదంట." పరామర్శకు వచ్చినవాళ్లకు చెప్పింది, రానివాళ్లకు ఎదురెళ్లి మరీ చెప్పింది. కరువు పనిలో పక్కన తట్ట మోసే ఆడవాళ్లకు చెప్పింది, రేషను క్యూలో ముందు నిలబడ్డ మనిషికి చెప్పింది. ఇరవై రెండేళ్ల కొడుకు బొంబాయిలో బాంబు పేలి చచ్చిపోతే తల్లికి ఓదార్పు ఏముంటుంది? ఆమెకు ఆ ఒక్క మాట ఉంది. బిడ్డ బాధపడలేదు, ఎవరికోసమూ ఎదురుచూడలేదు, ఒక్క క్షణంలో వెళ్లిపోయాడు. దాన్ని కొంగున కట్టుకుని బతుకుతోంది.

వాళ్లది కుందుర్పికి రెండు మైళ్ల దూరంలో ఉన్న పల్లె. కొడుకు తిప్పేష్ పదో తరగతి తప్పి, ఐదేళ్లు చేను వైపు చూసి, అక్కడ మన్ను తప్ప ఏమీ కనిపించక, ఓబులేష్ అనే స్నేహితుడితో కలిసి బొంబాయిలో కేబుల్ గుంతలు తవ్వే పనికి పోయాడు. పోయిన తొమ్మిదో నెలలో పెట్టెలో తిరిగొచ్చాడు.

మే నెలలో ఒకరోజు తలారి ఆంజినప్ప గుడిసె ముందు నిలబడి కబురు చెప్పాడు.

"మారెక్కా, ఇరవై ఒకటో తేదీ పొద్దున పదికంతా ఎమ్మార్వో ఆఫీసుకు రావల్లంట మీరిద్దరూ. బాంబులేసేటోళ్ల చేతిలో చచ్చిపోయినోళ్లను తలుచుకునే దినమంట అది. దేశమంతా చేస్తారంట. మన తిప్పేష్ పటం పెట్టి దండ వేస్తారంట."

ఆ రోజు ఏటేటా వస్తూనే ఉంటుంది. నిరుడూ వచ్చింది. నిరుడున్న ఎమ్మార్వో గుమాస్తాలందరి చేతా ప్రమాణం చేయించి, టీ తాగించి పంపేశాడు. ఈసారి వచ్చినాయన కుర్రాడు, ఉద్యోగం కొత్త, ఉత్సాహం ఎక్కువ. తన మండలంలోనే అలా పోయినవాడు ఒకడున్నాడని పాత ఫైళ్లలో చూసి కుటుంబాన్ని పిలిపించమన్నాడు. మంచి మనసుతోనే పిలిపించాడు, ఆయన్ను అనడానికేమీ లేదు.

మారెక్క సంబరపడింది. సంబరం అనకూడదేమో, కానీ అలాంటిదే. తన కొడుకు పేరు ఇంకొకరి నోట వినబడి చాన్నాళ్లయింది. మొగుడు తిప్పయ్య మాత్రం ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఏంటికి ఇవన్నీ? పోయినోడు పోయినాడు."

"సర్కారోళ్లే నా బిడ్డను తలుచుకుంటామంటే నీకేమప్పా కష్టం?"

అక్కణ్ణుంచి మూడు రోజులు ఆయనకు లేని జబ్బు లేదు. ఒకరోజు నడుము పట్టింది, ఒకరోజు ఎద్దు మేత మానింది, ఒకరోజు తనకే మేత సయించలేదు. మారెక్క దేనికీ లొంగలేదు. తిప్పయ్య మాటకారి కాదు, మొండివాడూ కాదు. భార్య పెట్టెలోంచి తెల్ల పంచె తీసి ఇస్తే మాట్లాడకుండా కట్టుకున్నాడు. తోడుగా పక్కింటి నల్లమ్మ వచ్చింది. నల్లమ్మ మారెక్క కంటే పదేళ్లు పెద్ద. తిప్పేష్‌ను పురిట్లో మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆమే.

ముగ్గురూ నడిచి కుందుర్పి చేరేసరికి పది కాకముందే ఎండ మాడు పగలగొడుతోంది. బస్టాండులో ఆటో పక్కన ఓబులేష్ కనిపించాడు. బొంబాయి నుంచి తిప్పేష్ శవంతో వచ్చినవాడు మళ్లీ బొంబాయి వెళ్లలేదు, ఇక్కడే ఆటో నడుపుకుంటున్నాడు. మారెక్కను చూడగానే వంగి టైరు గాలి చూడటం మొదలుపెట్టాడు. ఎప్పుడూ అంతే, ఆమె ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాడు. తనను చూస్తే స్నేహితుడు గుర్తొస్తాడు కాబోలు పాపం అనుకుంటుంది మారెక్క, ప్రతిసారీ జాలిపడుతుంది.

ఆఫీసు ముందు షామియానా వేశారు. ఇనప కుర్చీలు కాలుతున్నాయి. ముందు బల్ల మీద తిప్పేష్ పటం. తిరునాళ్లలో తీయించుకున్న ఫొటోలోంచి వాడి ముఖం ఒక్కటీ కత్తిరించి పెద్దది చేశారు. పెద్దది చేసేసరికి వాడి చెంప మీది సొట్ట కూడా పెద్దదయింది. మారెక్క దాన్నే చూస్తూ ముందు వరసలో కూర్చుంది. ఎమ్మార్వో వచ్చి ఆమెకు, తిప్పయ్యకు చేతులు జోడించాడు, శాలువాలు కప్పాడు. ఆ ఎండలో శాలువా ఏమిటని నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు గానీ మారెక్క దాన్ని తీయలేదు. అందరూ లేచి చేతులు ముందుకు చాచి ప్రమాణం చెప్పారు. ఆమెకు సగం అర్థమైంది, సగం కాలేదు. తనూ చెయ్యి చాచింది.

తర్వాత హేమలత అనే గుమాస్తా మైకు దగ్గరికి వచ్చింది. ఆఫీసులో అందమైన దస్తూరీ, మంచి గొంతు ఆమెవే. ఫైల్లో ఇంగ్లీషులో ఉన్న కాగితాలను ముందురోజు కూర్చుని తెలుగు చేసింది. చదివేది తల్లిదండ్రుల ముందు కదా అని రెండు మంచి మాటలు తనే కలిపింది కూడా.

"స్వర్గీయ తిప్పేష్, తండ్రి తిప్పయ్య, ఉపాధి కోసం బొంబాయి వెళ్లి, అక్కడ ఉగ్రవాదులు జరిపిన బాంబు పేలుళ్లలో తీవ్రంగా గాయపడి, తొమ్మిది రోజులపాటు ఆస్పత్రిలో మృత్యువుతో పోరాడి తుదిశ్వాస విడిచారు. వారి ఆత్మశాంతి కోసం అందరం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచి తలలు వంచారు. మారెక్క కూడా లేచింది. ఇంకెవరి గురించో చదివారనుకుంది మొదట. బాంబులకు పోయినవాళ్లు దేశంలో ఎంతమంది లేరు, వాళ్లలో ఎవరిదో అయి ఉంటుంది. కానీ తండ్రి తిప్పయ్య అన్నది కదా ఆ పిల్ల. పటం ఇదే కదా. తొమ్మిది రోజులా? ఎవరు, ఎక్కడ, ఏ ఆస్పత్రిలో? చెవుల్లో గుయ్యిమని ఒక మోత మొదలైంది. షామియానా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది, ఆ చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ వినిపించడం లేదు.

తలలన్నీ వంచుకుని ఉన్న ఆ మౌనంలో ఆమె తల తిప్పి మొగుడి ముఖం చూసింది. తనకు ఎలా ఉందో ఆయనకూ అలాగే ఉంటుందనుకుని చూసింది. ఆయన ముఖంలో భయం ఉంది, సిగ్గు ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు.

బొంబాయిలో బాంబు పేలి రెండేళ్లయింది గానీ అది ఆమెకు తగిలింది ఇప్పుడే.

మౌనం ముగిసింది. ఎమ్మార్వో మాట్లాడటానికి లేవబోతుంటే మారెక్క నేరుగా మైకు దగ్గరికి నడిచింది.

"అమ్మా, నువ్వు ఇందాక ఎన్ని దినాలని చదివితివి?"

హేమలత కంగారుపడింది. "తొమ్మిది రోజులమ్మా."

"కాదమ్మా. నా కొడుకు రెప్ప కొట్టేలోగా పోయినాడు. నువ్వు తప్పు రాసినావు. మళ్లా చూడు తల్లీ."

ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలుతోంది. హేమలత ఫైలు విప్పింది, కాగితం మీద వేలు పెట్టి చూసింది, ఇంకో కాగితం తిప్పి చూసింది. ఆస్పత్రిలో చేర్చిన తేదీ ఒకచోట, పోయిన తేదీ ఒకచోట. మధ్య ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తల ఎత్తలేకపోయింది.

"తొమ్మిదేనమ్మా. మీకు తెలుసనుకున్నాను."

తిప్పయ్య వచ్చి భార్య చెయ్యి పట్టుకున్నాడు. "రామ్మే పోదాం. కాగితాల్లో నూరు రాసుకుంటారు వాళ్లు."

మారెక్క ఆ చేతిని విదిలించుకుంది. నల్లమ్మ వైపు తిరిగింది. ముప్పై ఏళ్లుగా తన మంచికీ చెడుకూ ముందుండే మనిషి. "నల్లమ్మక్కా, విన్యావా ఈ మాట?"

నల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసింది. అప్పుడు మారెక్కకు రెండో దెబ్బ తగిలింది. ఈమెకూ తెలుసు. మొగుడికి తెలుసు, నల్లమ్మకు తెలుసు, కార్యక్రమం చూడ్డానికి వచ్చి వెనక నిలబడి ఒక్కొక్కరే మెల్లగా జారుకుంటున్న తన ఊరివాళ్లకు తెలుసు. తెలియంది తనకే. రెండేళ్లుగా "రెప్ప కొట్టేలోగా" అని తను చెబుతూ ఉంటే వీళ్లంతా అవునవునని తల ఊపారు.

"అందరికీ తెలుసునా?"

"చేతిలో విత్తనం ఉండె మారెక్కా నీకు," అంది నల్లమ్మ ఏడుస్తూ.

ఆ ఒక్క మాటతో మారెక్కకు మొత్తం అర్థమైపోయింది. ఆ నేల మీద పుట్టినవాళ్లకు ఇంకో మాట అక్కర్లేదు, మిగతావాళ్లకు కాస్త చెప్పాలి.

అనంతపురం జిల్లాలో వానకు దొరికే మర్యాద అల్లుడికి కూడా దొరకదు. రెండేళ్లు ఎండగట్టి ఒక రాత్రి కురుస్తుంది. ఆ తడి నేలలో ఆరేడు రోజులుంటుంది, ఆలోగా వేరుశనగ విత్తనం నేలలో పడాలి. ఎద్దులు గొర్రు లాగుతుంటే, గొర్రు మీది కొయ్యగిన్నెలో గింజలు వదిలేది ఆడమనిషి. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. జడ్డిగానికి పసుపు కుంకుమ పెట్టి మొదటి పిడికెడు వేసిన మనిషి, చేను ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. ఆమె చెవిన చెడు కబురు పడకూడదు. చెయ్యి వణికితే సాలు ఖాళీ పోతుంది, కన్నీరు తగిలిన గింజ మొలవదు. ఇది వాళ్ల ఊరి కట్టుబాటు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరూ తప్పింది లేదు.

రెండేళ్ల కిందట అలాంటి వానే పడింది. తిప్పయ్యకు ఉన్నది ఒక ఎద్దు, పక్క చేను రామప్పకు ఉన్నది ఒక ఎద్దు. రెంటినీ జత కట్టి మూడు రోజులు ఈయన చేను, మూడు రోజులు ఆయన చేను వేయాలని పొత్తు. రామప్ప భార్య బాలింత కాబట్టి రెండు చేలకూ జడ్డిగం పట్టేది మారెక్కే. చేతి నేర్పు ఉన్న మనిషని ఊర్లో పేరు, గింజకూ గింజకూ మధ్య దూరం కొలిచినట్టు పడుతుంది.

ఆ ఆరు రోజులూ ఇప్పుడు ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి. ఎంత బాగా చూసుకున్నారు తనను! నీళ్లకు కొళాయి దగ్గరికి పోనివ్వలేదు, నల్లమ్మే బిందె తెచ్చి ఇంట్లో పెట్టింది. సంగటి ఎవరో ఒకరు చేలోకే మోసుకొచ్చారు. ఎప్పుడూ పలకరించనివాళ్లు కూడా గట్టు మీద కూర్చుని జోకులేసి నవ్వించారు. రెండేళ్ల తర్వాత పడిన వాన కదా, ఊరంతా సంతోషంగా ఉందనుకుంది. తనూ నవ్వింది. మూడో రోజు సాలు మధ్యలో పాట ఎత్తుకుంది కూడా. రామప్ప ఎద్దులను ఆపి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కంట్లో దుమ్ము పడిందన్నాడు.

పాట పాడింది. బిడ్డ ఆస్పత్రిలో పడి ఉంటే తను పాట పాడింది. మారెక్క షామియానా గుంజ పట్టుకుని నిలబడింది.

"ఎన్నో దినం తెలిసింది నీకు?" అని మొగుణ్ణి అడిగింది.

తిప్పయ్య ఇక దాచలేదు. దాచి దాచి ఆయనా అలిసిపోయి ఉన్నాడు. "ఫోన్ల అంగడికి వచ్చింది ఫోను. రెండో దినం. కాలికి దెబ్బ తగిలిందన్నారు. కాలే గదా, చేను ముగిసినాక పోదామనుకుంటి. అదును పోతే మళ్లా వస్తాదా?"

"మళ్లా?"

"ఐదో దినం మళ్లా వచ్చింది. ఒళ్లంతా విషం పాకుతాందంట. వాళ్లమ్మను అంపియ్యండి, అడుగుతాండాడు అనిరి."

"నన్ను అడిగినాడా?"

"నిన్నే."

"అప్పుడన్నా చెప్పకపోతివే."

"రామప్ప చేను సగంలో ఉండె. మన చేను వేయించుకుని వాని చేను ఎట్ల వదిలేది? చెప్తే నువ్వు నిలబడతావా? రెండు దినాలే గదా అనుకుంటి. ఏడో దినం బయల్దేరినా."

గుంతకల్లులో ఎద్దు బేరం ఉంది, చూసొస్తానని చెప్పి వెళ్లాడు ఆరోజు. తనే సజ్జ రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. మంచి ఎద్దును చూడు, కొమ్ములు కాదు కాళ్లు చూడు అని బుద్ధి కూడా చెప్పింది. ఆయన తొమ్మిదో రోజు పొద్దున ఆస్పత్రి మెట్లెక్కేసరికి మంచం మీద గుడ్డ కప్పేశారు. పెట్టెతో తిరిగొచ్చి, గుంతకల్లులో ఉండగా కబురు తెలిసి అటే పోయానని చెబితే ఆమె నమ్మింది.

ఆ యేటికి ఆ వానే ఆఖరు. మొలక బాగానే వచ్చింది, జానెడు పెరిగింది, పూత పూయకుండానే మాడింది. తిప్పయ్య చేనూ రామప్ప చేనూ రెండూ గొర్రెలకు వదిలేశారు. ఎవరి చేను కోసం ఎవరు నోరు మూసుకున్నారో, ఆ చేలో తినడానికి కూడా కాయ రాలేదు.

"ఊరు ఊరంతా కలిసి నా నోట్లో మన్ను కొడితిరి గదా," అంది మారెక్క నల్లమ్మతో. "నువ్వన్నా చెప్పకూడదా అక్కా? పురిట్లో పట్టుకున్న దానివి."

నల్లమ్మ కళ్లు తుడుచుకుంది. ఆమెకూ ఒక పాత గాయం ఉంది, ఇన్నేళ్లూ అడగలేదు, ఇప్పుడు దానంతటదే బయటికి వచ్చింది. "మా తమ్ముడు బావిలో పడి పోయినప్పుడు నువ్వు నాకు చెప్తివా మారెక్కా? నేను జడ్డిగం పట్టుకోనుంటే పొద్దుమునిగే దాకా నా పక్కనే నడిచి నవ్విస్తివి. వాన్ని పూడ్చినాకనే గదా నాకు తెలిసింది."

నిజమే. పన్నెండేళ్ల కిందటి మాట. ఆరోజు నల్లమ్మను నవ్వించడానికి మారెక్క తను ఎంత తంటాలు పడిందో, సాయంత్రం ఇంటికొచ్చి పెద్ద పుణ్యం చేసినట్టు మొగుడికి ఎలా చెప్పుకుందో అంతా గుర్తొచ్చింది. తిడదామంటే తిట్టే హక్కు లేకుండా పోయింది. కొడుకు పోయినరోజు కూడా ఇంత దిక్కుతోచకుండా లేదామె, ఆరోజు కనీసం ఏడవడానికి వీలుండేది.

ఎమ్మార్వో ఏదో అనబోయాడు, మంచినీళ్లు తెప్పించబోయాడు. మారెక్క వినిపించుకోలేదు. శాలువా తీసి మడిచి కుర్చీ మీద పెట్టింది. బస్టాండు వైపు నడిచింది. వెనకాల తిప్పయ్య, ఆయన వెనకాల నల్లమ్మ. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు.

ఓబులేష్ ఆటోలోనే ఉన్నాడు. ఆమె నడకలోనే ఏదో కనిపించింది వాడికి, ఈసారి తప్పించుకోలేదు. దిగి నిలబడ్డాడు.

"ఓబులేసా, తొమ్మిది దినాలు ఆని పక్కన ఎవురుండ్రి?"

వాడి ముఖం తెల్లబోయింది. ఒకసారి తిప్పయ్య వైపు చూశాడు. తిప్పయ్య తల దించుకున్నాడు.

"నేనే ఉంటి పెద్దమ్మా."

"మాట్లాడతాండెనా?"

"మాట్లాడతాండె. మొదట్లో బాగానే మాట్లాడె. తర్వాత జరంలో."

"ఏమనె?"

ఓబులేష్ చొక్కా అంచు నలుపుకుంటూ నిలబడ్డాడు. రెండేళ్లుగా ఏ ప్రశ్న కోసం సందులు మారి తిరిగాడో ఆ ప్రశ్న వచ్చేసింది.

"నువ్వు యాడికొచ్చినావని అడుగుతాండె. కండ్లు తెరిస్తే అదే. రెండో దినం నేను ఫోన్ చేసినాక, అమ్మ బయల్దేరిందని చెప్పినా. మూడో దినం, గుంతకల్లులో రైలెక్కిందని చెప్పినా. వస్తారులే అనుకుని చెప్పినా పెద్దమ్మా, అబద్ధమని చెప్పలేదు. మీరు రాకపోయిరి. రైలు నిలబడిపోయిందన్నా. పట్టాల మీద వాన నీళ్లన్నా. షోలాపూర్ దాటిందన్నా, మళ్లా మరిచిపోయి షోలాపూర్ వస్తాందన్నా. ఒక రైలును తొమ్మిది దినాలు ఎట్ల నడిపేది? నాకు తెలీలేదు."

వాడు పెద్దగా ఏడ్చేశాడు. మారెక్క ఏడవలేదు. ఇంకా ఏదో ఉందని ఆమెకు తెలుస్తోంది.

"ఆనికి అనుమానం రాలేదా?"

"వచ్చింటాది. ఎనిమిదో దినం నన్ను పిలిచి నవ్వినాడు. మా అమ్మ ఎప్పుడూ రైలెక్కలేదు రా, తప్పు రైలెక్కింటాది. ఎవుర్నీ అడగదు, సిగ్గు దానికి. అట్లనే కూచోనుంటాది అన్నాడు. నువ్వు స్టేషన్‌కు పోయి చూడు, నాకాడ ఉండొద్దు అన్నాడు."

"పోతివా?"

"పోయినా పెద్దమ్మా. రావని తెలుసు. అయినా పోయి నిలబడినా. దిగే ఆడోళ్లను చూస్తా గంటసేపు నిలబడినా."

మారెక్క అక్కడే రాతికట్ట మీద కూర్చుండిపోయింది. కోపమంటే భరించవచ్చు. బిడ్డ తనను తిట్టుకుంటూ పోయి ఉంటే, ఏం తల్లివే అని శపించి పోయి ఉంటే, కాస్త తేలికగా ఉండేది. వాడు ఆమె తరఫున సాకు వెతికాడు. ఊరంతా కలిసి ఆమెకు అబద్ధం చెప్పింది, ఇంకొకడు వాడికి అబద్ధం చెప్పాడు. ఆ మంచం మీద పడుకున్నవాడు తనకు తానే ఇంకో అబద్ధం చెప్పుకుని తల్లిని నిర్దోషిని చేశాడు. రెప్ప కొట్టేలోగా పోయిన బిడ్డ వాడు కాదు. తొమ్మిది రోజులు రెప్ప తెరుచుకుని తలుపు వైపు చూసిన బిడ్డ.

చాలాసేపటికి ఆమె లేచింది. కల్యాణదుర్గం బస్సు వచ్చి ఆగింది.

"గుంతకల్లుకు యాడ మారల్ల?"

ఓబులేష్‌కు మొదట అర్థం కాలేదు. "కల్యాణదుర్గంలో. ఏంటికి పెద్దమ్మా?"

"ఆ రైలు రోజూ ఉంటాదా?"

"ఉంటాది."

"నాకు దారి తెలీదు. ఎవుర్నీ అడగను, సిగ్గు నాకు. నువ్వొచ్చి చూపియ్యి."

తిప్పయ్య అడ్డం వచ్చాడు. "ఏమే, నీకేమన్నా మతి పోయిందా? ఆడ ఎవరుండారు? ఈడికి తెచ్చి పూడ్చింది నేనే గదా. వాని గోరీ మన చేలో ఉండాది."

మారెక్క మొగుడి వైపు చూసింది. ముప్పై ఏళ్ల సంసారంలో ఆయన ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు, తాగలేదు, ఉన్నదాంట్లో ముందు ఆమెకే పెట్టాడు. చెడ్డవాడయితే ఎంత బాగుండేదో.

"వాన పడితే జడ్డిగం నువ్వే పట్టుకో," అంది. అంతకంటే ఆయనకు చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఓబులేష్ ఆటో తాళం పక్క అంగడిలో ఇచ్చి పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. బస్సు కదిలింది. కింద తెల్ల పంచెలో తిప్పయ్య, పక్కన నల్లమ్మ. ఇద్దరూ చెయ్యి ఊపడమా మానడమా తెలియక నిలబడిపోయారు.

ఊరు దాటాక ఓబులేష్ మెల్లగా అన్నాడు. "ఇప్పుడు పోయి ఏం చేస్తావు పెద్దమ్మా? ఆ వార్డు చూపిస్తాలే, మంచం కూడా చూపిస్తా. కానీ ఆ మంచం మీద ఇంకెవరో పండుకోనుంటారు."

"ఉండనీ," అంది మారెక్క. "వాళ్లమ్మ వచ్చిందో లేదో అడుగుతా."